ఆదివారం లోపం

ఆ ఏడు ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలం మొదటి ఆదివారం గుళ్ళో పూజ ముగించుకుని ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే ముందుగదిలోకి తొంగిచూశాను. అది నా అలవాటు. ఒంటరి మనిషికి ఇంటికి రాగానే పలకరించడానికి ఏదో ఒకటి ఉండాలి. కొందరికి కుక్క ఉంటుంది, కొందరికి రేడియో ఉంటుంది. నాకు ఇరవై మూడు దీపాల పలక ఉంది. ఆ పలక మీద పద్నాలుగో దీపం ఆరిపోయి ఉంది. దాని పక్కన, నాలుగేళ్ళుగా వెలగని పదిహేనో దీపం పచ్చగా వెలుగుతోంది.

నా గుండె ఝల్లుమంది. ఒక బల్బు ఆరి ఇంకో బల్బు వెలిగితే గుండె ఝల్లుమనడమేమిటి, ముసలాడికి మతి పోయిందా అనుకుంటారు. సంగతి చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

నా పేరు బాలశౌరి. విజయవాడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై అయిదేళ్ళు మెకానిక్కుగా పనిచేసి డెబ్బై ఆరులో రిటైరయ్యాను. గుణదలలో ఏలూరు కాలవ పక్కన మూడు గదుల పెంకుటిల్లు నాది. నా భార్య అమలమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఇరుగుపొరుగుతో నాకు పెద్దగా పొసగదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఆ పేరు ఎప్పుడూ రాలేదు.

ఎక్స్‌ఛేంజిలో పాత సామాను మార్చినప్పుడు తుక్కు కింద పారేసిన రిలేలను నేనూ, నా తోటి మెకానిక్కు బసవపున్నయ్యా అడిగి తెచ్చుకున్నాం. రిలే అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇనప కడ్డీకి తీగ చుట్టి ఉంటుంది. కరెంటు పారితే అది అయస్కాంతమై ఎదుటి రేకును టక్కున పట్టుకుంటుంది, కరెంటు ఆగితే వదిలేస్తుంది. పట్టుకుని ఉన్నంతసేపూ దానికి సంగతి గుర్తున్నట్టు, వదిలేస్తే మర్చిపోయినట్టు. ఆ రిలేలతో మేమిద్దరం రెండేళ్ళు తంటాలు పడి పులి-మేక ఆటను గుర్తుపెట్టుకునే యంత్రం తయారుచేశాం. చెక్క పలక మీద ఆట గీతలు, గీతలు కలిసే ఇరవై మూడు చోట్లా దీపాలు. పులి ఉన్నచోట ఎర్రగా, మేక ఉన్నచోట పచ్చగా వెలుగుతుంది. ఒక్కో దీపం కింద ఒక్కో మీట. మేక ఉన్నచోట నొక్కితే ఆరుతుంది, పక్కచోట నొక్కితే అక్కడ వెలుగుతుంది. దొంగ ఎత్తు వేస్తే యంత్రం ఒప్పుకోదు. పులి మేకను తింటే గంట కొడుతుంది. కరెంటు పోయినా ఆట పోకుండా కింద నాలుగు కారు బ్యాటరీలు పెట్టాం.

నాది ఎప్పుడూ పులులే, వాడివి ఎప్పుడూ మేకలే. స్వభావాలే అంత. నేను ఎగిరెగిరి తినేవాణ్ణి. వాడు నోరెత్తకుండా ఒక్కొక్క మేకనే జరిపి, చివరికి నా మూడు పులులనూ కదలకుండా కట్టేసేవాడు.

డెబ్బై మూడులో ఒక హైస్కూలు సైన్సు ఎగ్జిబిషనుకు ఆ యంత్రాన్ని రిక్షాలో వేసుకుని పట్టుకెళ్ళాం. కాలేజీ లెక్చరరు సంజీవరావుగారు వచ్చి చూసి, మైకు తీసుకుని, "ఇదేదో ఆటబొమ్మ అనుకోకండి. ఇది కంప్యూటరండీ! మన బెజవాడలో, ఒక ఇంట్లో తయారైన కంప్యూటరు!" అని గట్టిగా చెప్పారు. జనం మూగారు. ఆయన మైకు నా మూతి దగ్గర పెట్టి, "దీన్ని తయారుచేసింది ఎవరండీ?" అన్నారు.

"నేనేనండీ" అన్నాను.

ఆ సమయానికి బసవపున్నయ్య బల్ల కింద ఉన్నాడు. బ్యాటరీ తీగ ఒకటి ఊడితే, దీపాలు ఆరిపోకుండా దాన్ని చేత్తో అదిమి పట్టుకుని గొంతుక్కూచుని ఉన్నాడు. చప్పట్లు ఆగేదాకా అలాగే ఉన్నాడు. బడి వాళ్ళు ఒక రేకు ముక్క మీద "తయారుచేసినవారు: శ్రీ పి. బాలశౌరి" అని రంగుతో రాయించి ఇచ్చారు. నేను ఆ సాయంత్రమే దాన్ని పలక నెత్తిన రెండు మరలతో బిగించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బిగించి రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను కూడా.

ఆ రాత్రి రోజూలాగే వాడు ఆటకు వచ్చాడు. ఆట సగంలో ఉంది. పదిహేను మేకల్లో మూడింటిని నా పులులు తిన్నాయి, పన్నెండు మిగిలాయి. ఎత్తు వేయాల్సింది వాడు. మీటల మీద చెయ్యి పెట్టి, తలెత్తి ఆ రేకును చూశాడు.

"నా పేరు చెప్పడం మర్చిపోయావా?" అన్నాడు.

"మర్చిపోయాన్రా" అన్నాను.

"కరెంటు పోతే మర్చిపోయేది రిలే. నువ్వు మనిషివి కదరా."

మీట నొక్కకుండానే లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు వెళ్ళి "తప్పయింది" అంటే అయిపోయేది. కాని నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వాడే వస్తాడులే అనుకున్నాను. వాడు రాలేదు. ఒకే ఎక్స్‌ఛేంజిలో, ఒకే హాల్లో, మూడేళ్ళు డ్యూటీ మాటలు తప్ప ఇంకో మాట లేకుండా గడిపాం. ఆనక ఇద్దరం నెలల తేడాలో రిటైరయ్యాం. కాలవ అవతల వాడి ఇల్లు, ఇవతల నా ఇల్లు. మధ్య ఒక వంతెన.

కాని యంత్రాన్ని నేను ఒక్కనాడూ ఆపలేదు. బల్బు మాడితే మార్చాను, బ్యాటరీల్లో నీళ్ళు పోశాను, బూజు దులిపాను. ఆ పన్నెండు పచ్చ దీపాలూ మూడు ఎర్ర దీపాలూ వాడు లేచిపోయిన రాత్రి ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఇంకా వాడి వంతే. వంతు ఉన్నంతకాలం మనిషి వస్తాడని ఒక ఆశ. ఆ ఆట చెదిరిందా, మా ఇద్దరి మధ్యా ఇక మిగిలేది ఏమీ లేదు. అందుకే ఆ ఆదివారం నా గుండె ఝల్లుమంది.

ఎక్స్‌ఛేంజిలో మాకు మొదటిరోజే నేర్పే సూత్రం ఒకటుంది: ముందు లైను నిలబెట్టు, తర్వాత కారణం వెతుకు. అవతల మనిషి ఫోనులో మాట్లాడాలని చూస్తుంటాడు, నీ పరిశోధనలు ఆయనకు అక్కర్లేదు. కాబట్టి నేను ముందు పదిహేను ఆర్పి, పద్నాలుగు వెలిగించాను. మేకను దాని చోట దాన్ని పెట్టాక, స్పిరిటులో ముంచిన గుడ్డతో పద్నాలుగో రిలేలో రేకులు తగిలే కాంటాక్టులు తుడిచాను. లోపాల పుస్తకం తీసి తేదీ వేసి రాశాను: "14 మరిచినది. 15 తనంత తాను వెలిగినది. శుభ్రం చేయడమైనది." రిటైరైనా ఆ పుస్తకం పెట్టే అలవాటు పోలేదు. రాసుకోవడానికి ఇంకేముంది నాకు?

రెండో ఆదివారం పూజ నుంచి వచ్చేసరికి మళ్ళీ అదే. పద్నాలుగు చీకటి, పదిహేను వెలుగు.

దీపం ఆరడం సరే, రిలే పాతదై పట్టు వదిలిందనుకుందాం. పక్కది వెలగడమెందుకు? అక్కడ ఆగి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ లేదు. కాని నేను ఆలోచించేది మనిషిలా కాదు, మెకానిక్కులా. పక్కపక్క తీగల మధ్య తొడుగు చివికి కరెంటు అటూ ఇటూ కారుతోందని సమాధానం చెప్పుకున్నాను. మళ్ళీ ముందు మేకను వెనక్కి పెట్టాను. అనుమానం తీర్చుకోవడానికి పద్నాలుగో రిలేను ఊడదీసి పంతొమ్మిదో చోట, పంతొమ్మిదోదాన్ని పద్నాలుగులో బిగించాను. దోషం రిలేలో ఉంటే, రిలేతో పాటే పంతొమ్మిదికి పోతుంది. తీగల్లో ఉంటే పద్నాలుగులోనే ఉండిపోతుంది. ఇంత చక్కటి పరీక్ష ఇంకోటి లేదు.

మూడో ఆదివారం వచ్చి చూస్తే పద్నాలుగు దివ్యంగా వెలుగుతోంది. పంతొమ్మిది ఆరిపోయి, దాని పైనున్న పదమూడు వెలిగింది. నేను గదిలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. దొంగ దొరికాడు! ఆ రిలేను పీకి, అటక మీది డబ్బాలోంచి కొత్త రిలే తీసి బిగించి, మేకను యథాస్థానంలో పెట్టాను. ఆ పూట ఆనందం పట్టలేక పాయసం కాచుకున్నాను. ఒక్కడికి పాయసం కాచుకోవడం ఎంత కష్టమో కాచుకున్నవాళ్ళకు తెలుస్తుంది. ఎంత కొంచెం పోసినా మిగిలిపోతుంది.

నాలుగో ఆదివారం, కొత్త రిలే ఉండగానే, పంతొమ్మిది ఆరి పదమూడు వెలిగింది.

కుర్చీలో కూలబడ్డాను. పుస్తకంలో తేదీలు వరసగా చూశాను. అన్నీ ఆదివారాలే. అన్నీ నేను గుళ్ళో ఉన్న గంటన్నరలోనే. ఏడు రోజుల్లో ఆరు రోజులు బుద్ధిగా ఉండే యంత్రం ఆదివారమే ఎందుకు మరుస్తుంది? చాలాసేపు బుర్ర బద్దలు కొట్టుకుంటే జవాబు దొరికింది. ఆదివారం ఫ్యాక్టరీలకూ మిల్లులకూ సెలవు. కరెంటు లాగేవాళ్ళు తగ్గితే వోల్టేజి పెరుగుతుంది. పెరిగిన వోల్టేజి ఛార్జరు గుండా బ్యాటరీల్లోకి పోయి ముసలి రిలేలను అదరగొడుతోంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మేకను వెనక్కి పెట్టి, పుస్తకంలో కారణం రాసి, వచ్చే శనివారం సాయంత్రం ఛార్జరు విప్పేయాలని నిర్ణయించాను. అలాగే విప్పాను.

అయిదో ఆదివారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గుళ్ళో ఫాదర్‌గారి ప్రసంగం చెవికెక్కలేదు. పూజ కాగానే ఎవరినీ పలకరించకుండా దాదాపు పరుగెత్తాను. తాళం తీసి చూస్తే ఈసారి అసలు కొత్త చోట చెడింది. తొమ్మిది ఆరి, పది వెలిగింది. పదో చోటు అంటే సరిగ్గా నా పులి మూతి ముందు. వెనకాల పదహారు ఖాళీ, పులి అటు దూకితే మేక పోయినట్టే. చిన్నపిల్లవాడు కూడా తెలిసి తెలిసి మేకను అక్కడ పెట్టడు.

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అరవైకి దగ్గరపడ్డ వాణ్ణి పలక ముందు నిలబడి ఏడ్చాను. యంత్రం ముసలిదైపోయింది. వరసగా ఒక్కొక్కటీ మర్చిపోతోంది. ఇవాళ తొమ్మిది, రేపు ఇంకోటి; ఒకనాటికి గుడి నుంచి వచ్చేసరికి ఎక్కడి మేక ఎక్కడుండేదో నాకూ తెలియదు, దానికీ తెలియదు. అప్పుడు బసవపున్నయ్య వచ్చినా చూపించడానికి ఏముంటుంది? పది ఆర్పి తొమ్మిది వెలిగించాను. ఆ రాత్రి అట్ట ముక్క మీద గీతలు గీసి, ఏ చోట ఏముందో సిరాతో రాసి, అమలమ్మ ఫొటో వెనక దాచాను.

ఇక మిగిలింది ఒక్కటే మార్గం. లోపం జరిగేటప్పుడు కళ్ళతో చూడాలి. తర్వాతి ఆదివారం మట్టల ఆదివారం. ఊరంతా ఈతమట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ గుడికి పోతుంటే, నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పూజ ఎగ్గొట్టి, ముందుగదిలో స్టూలు వేసుకుని, పలక వైపు తిరిగి, చేతిలో వోల్టేజి కొలిచే మీటరు పట్టుకుని కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది, వీపుకు గాలి తగులుతోంది. గంటన్నర రెప్ప వేయలేదు. ఏమీ జరగలేదు. పాటలు తిరిగి ఇళ్ళకు పోయేదాకా పన్నెండు పచ్చ దీపాలూ రాళ్ళలా ఉన్నాయి.

ఈస్టరునాడు గుడికి వెళ్ళి వచ్చి చూశాను. అప్పుడూ ఏమీ జరగలేదు. పుస్తకంలో పెద్ద అక్షరాలతో "లోపం సవరించడమైనది" అని రాసి కింద గీత గీశాను.

ఆ సంతోషంలో గుమ్మంలోకి వచ్చి నిలబడితే చేపల గంగారత్నం బుట్ట దించుకుని ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా మా ఇంటి ఎదుటి అరుగు దగ్గరే ఆమె బేరం. ఏళ్ళ తరబడి చూస్తున్నా నేను ఆమెతో "చేప తాజాదేనా" అన్న మాట దాటి మాట్లాడింది లేదు. ఆ రోజు మాత్రం, "ఏంటి గంగారత్నం, కులాసానా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "కులాసానేనండి. మీ నేస్తం ఊరెళ్ళిపోయాడంటగదండి, పాపం."

"ఏ నేస్తం?"

"అదేనండి, వంతెన అవతలాయన. బసవపున్నయ్యగారు. కూతురింటికి, చల్లపల్లి. మొన్న బుధవారం సామానంతా లారీ ఎక్కించాడు. ఆదివారం ఆదివారం మీ ఇంటికొచ్చేవోరు గదా, మీకు చెప్పలేదాండి?"

నేను గుమ్మం దిగి ఆమె బుట్ట దగ్గరికి వెళ్ళాను.

"మీరట్టా గుడికెళ్ళంగానే ఆయన ఇట్టా వచ్చేవోరండి. తాళం తీసుకుని లోపలికెళ్ళి పావుగంట కూచునేవోరు. మళ్ళీ తాళమేసి పోయేవోరు. మీరే రమ్మన్నారనుకున్నా. మట్టల ఆదివారం మాత్రం లోపలికి రాలేదండి. కిటికీ కాడ నిలబడి చూసి, అట్టాగే ఎనక్కి పోయారు."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరడిగితే గదండీ చెప్పేది" అంది గంగారత్నం.

ఇంటి ముందు గోడకు కరెంటు మీటరు చెక్కపెట్టె ఉంది. దాని తలుపు లాగాను. లోపల మేకుకు తాళంచెవి వేలాడుతోంది. నాకూ వాడికీ డ్యూటీలు వేరువేరు వేళల్లో పడే రోజుల్లో పెట్టిన తాళంచెవి అది. నేను లేనప్పుడు వాడొచ్చి తన ఎత్తు వేసి పోయేవాడు. వాడు పోయాక నేనొచ్చి నా ఎత్తు వేసేవాణ్ణి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా అలా వారాలకు వారాలు ఆడాం. ఆ తాళంచెవి సంగతి నేను మర్చేపోయాను. దానికి తుప్పు లేదు. కొబ్బరినూనె రాసి ఉంది, వేలికి అంటింది.

లోపలికి వెళ్ళి లోపాల పుస్తకం తెరిచాను. పద్నాలుగు నుంచి పదిహేను. పంతొమ్మిది నుంచి పదమూడు. తొమ్మిది నుంచి పది. అవి లోపాలు కావు, ఎత్తులు. ఈ గుడ్డి కళ్ళతో అయిదు వారాలు నేను చూసింది నా నేస్తం ఆటను. నాలుగేళ్ళు ఏ వంతు కోసం కాచుకు కూర్చున్నానో ఆ వంతు వాడు తీసుకుంటే, ప్రతిసారీ ముందు దాన్ని తుడిచేసి, తర్వాత కారణం వెతికాను.

మర్నాడు పొద్దున్నే ఆ రేకును విప్పి, బోర్డులు రాసే కొండలయ్య దగ్గరికి తీసుకెళ్ళి, ఎదురుగా కూర్చుని రాయించాను: "తయారుచేసినవారు: శ్రీ బసవపున్నయ్య, శ్రీ బాలశౌరి." రంగు ఆరాక కాగితంలో చుట్టి, పుస్తకంతో పాటు సంచీలో పెట్టుకుని చల్లపల్లి బస్సెక్కాను. ఉయ్యూరు దాటి, పామర్రు దాటి, రెండు పక్కలా కోసిన పొలాలు, మినప కుప్పలు. మూడు గంటల ప్రయాణంలో వాడికి చెప్పాల్సిన మాటలు పదిసార్లు వల్లించుకున్నాను. బస్సు దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

వాడి కూతురు మాణిక్యం నన్ను చూసి, "అయ్యో బాబాయ్‌గారూ, రండి రండి! నాన్నా, ఎవరొచ్చారో చూడు" అని కేకేసింది. బసవపున్నయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. రిలే మరలు బిగించిన వేళ్ళు. తలెత్తి చూశాడు.

"కూచో" అన్నాడు.

కూర్చున్నాను. చెప్పడం చేతకాక సంచీలోంచి పుస్తకం తీసి చేతిలో పెట్టాను. వాడు చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క పేజీ పైకే చదివాడు.

"'శుభ్రం చేయడమైనది'... 'రిలేలు అటూ ఇటూ మార్చడమైనది'... 'ఆదివారం వోల్టేజి హెచ్చుటచే'..." అంతదాకా వచ్చి ఆగాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. "ఏంట్రా శౌరీ? నేను మేకని జరిపితే నువ్వు స్పిరిట్టు పెట్టి తుడిచావా?"

"లోపం అనుకున్నాన్రా. ఒట్టు."

"ఒట్టెందుకు, ఈ పుస్తకం చూస్తే తెలవట్లా?" కళ్ళజోడు తీసి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. "మొదటివారం వెనక్కి పెట్టేసి ఉంటే, సరేలే, కోపం తగ్గలేదనుకున్నా. రెండోవారం మళ్ళీ అదే వేశా. మూడోవారం వేరే మేకని కదిపి చూశా. ఊరొదిలి పోయేలోగా ఆ ఒక్క ఆటా తేల్చుకుని పోదామని నా తాపత్రయం. అన్నీ వెనక్కి పెట్టేశావు."

"అయిదోవారం పులి నోట్లో పెట్టావు" అన్నాను.

"పెట్టా. ఇన్నేళ్ళలో నీకు ఒక్క మేకని ఊరికే ఇచ్చానా నేను? ఇచ్చా. తినేసి గంట కొట్టుకుని సంతోషిస్తాడులే అనుకున్నా. అదీ వద్దన్నావు. మట్టల ఆదివారం వస్తే మీటరు పట్టుకుని కాపలా కూచున్నావు. నా మీదే కాపలా అనుకున్నా శౌరీ. నన్ను దొంగని చేశాడనుకున్నా."

మాణిక్యం మజ్జిగ తెచ్చి ఇచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను కాగితం విప్పి రేకు తీసి వాడి ఒళ్ళో పెట్టాను. వాడు చాలాసేపు చూశాడు. తన పేరును వేలితో తడిమాడు, రంగు ఆరిందో లేదో చూస్తున్నట్టు.

"మైకులో చెప్పాల్సిన మాట రేకు మీద రాయించుకొచ్చావా?"

"తప్పయిందిరా బసవా. మర్చిపోలేదు. ఆ రోజు నేనేమీ మర్చిపోలేదు. నీ పేరు నోటిదాకా వచ్చింది, నేనే మింగేశా." నాలుగేళ్ళుగా లోపల దాచిన మాట అది. చెప్పాక ఒళ్ళు తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

"తెలుసులే" అన్నాడు వాడు. "తెలియకపోతే అంత కోపం ఎందుకొస్తుంది?"

సాయంత్రం బస్సు దాకా వాడు నాతో నడిచి వచ్చాడు. ఆ రేకు దారి పొడుగునా వాడి చంకలోనే ఉంది. "ఒక ఆదివారం రారా. నేను ఇంట్లోనే ఉంటా. ఆట తేల్చుకుందాం" అన్నాను.

"ఆ తలుపు తియ్యడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది" అన్నాడు. "అయిదుసార్లు తీశా. ఇక నా వల్ల కాదురా. నీ మీద కోపమేం లేదు. ఓపిక లేదు."

"నేను తలుపు తీసే ఉంచుతా."

"ఉంచు" అన్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి రేకు నా చేతికిచ్చాడు. "దానిది దాని దగ్గరే ఉండాలి. బిగించు. మరలకి కొంచెం నూనె రాయి, తుప్పు పడుతుంది."

ఇంటికొచ్చి రేకు బిగించాను. తొమ్మిది ఆర్పి పది వెలిగించాను, వాడు పెట్టిన చోట. పులి నోటి ముందు పచ్చగా వెలుగుతున్న ఆ మేకను తినడానికి చెయ్యి రాలేదు. పులిని పక్కకు జరిపాను. ఇప్పుడు మళ్ళీ వాడి వంతు. ఆ మాటే కార్డు మీద రాసి చల్లపల్లికి పంపాను. జవాబు మాణిక్యం రాసింది: నాన్న కులాసా, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు. ఆట ఊసు లేదు.

ఆ ఏడు వానాకాలం వచ్చింది, వెళ్ళింది. నేను ప్రతి ఆదివారం గుడికి పోతాను, తలుపుకు తాళం వేయను. తాళంచెవి కూడా మీటరు పెట్టెలోనే ఉంచుతాను, అలవాటున్న చెయ్యి ముందు అక్కడే వెతుకుతుందని. పూజ కాగానే వస్తాను. గంగారత్నం నేను అడగకముందే బుట్ట మీంచి తలెత్తి, "ఎవరూ రాలేదండి" అంటుంది. చెప్పులు విడవకుండానే తొంగిచూస్తాను. కొత్త రిలేలు, కొత్త తీగలు, శుభ్రమైన కాంటాక్టులు. నా చేతిపని నేనే చెప్పుకోకూడదు గాని, ఆ యంత్రం ఇప్పుడు ఒక్క దీపం కూడా మరవదు. పన్నెండు మేకలూ ఎక్కడ పెట్టినవి అక్కడే ఉంటాయి. ఒక్కసారి, ఒక్క మేక, ఒక్క చోటు జరగకూడదా అని అక్కడే నిలబడి కాసేపు చూస్తాను.

తర్వాత కుర్చీ లాక్కుని, పుస్తకం తెరిచి, తేదీ వేసి రాస్తాను: లోపం లేదు.